ఎండ కోసం మొహం వాచిన తోటలు

చింతపండు పులుపూ వైన్ పులుపూ ఒకే ఆమ్లం వల్ల వస్తాయి. దాని పేరు టార్టారిక్ ఆమ్లం. కెమిస్ట్రీ లెక్చరర్‌గా ఇంటర్ పిల్లలకి ఈ మాట ఏళ్ల తరబడి చెప్పాను. చెప్పినప్పుడల్లా వెనక బెంచీల్లో కిసుక్కుమని నవ్వులు. వాళ్లకి తెలిసిన వైన్ అంటే సందు చివర వైన్ షాపు. ఆ షాపులో వైన్ తప్ప అన్నీ దొరుకుతాయన్నది వేరే సంగతి. నాకు మాత్రం ఏం తెలుసు? ద్రాక్షరసం పులిస్తే ఇథైల్ ఆల్కహాల్ వస్తుందని బోర్డు మీద సమీకరణం రాసి, డస్టర్‌తో తుడిచేసి, అలాగే రిటైరైపోయాను.

మావాడు నేవల్ ఆర్కిటెక్చర్, అంటే ఓడల డిజైన్, చదువుతానని ఆస్ట్రేలియాలోని టాస్మానియా దీవికి వెళ్లాక సంగతి మారింది. విశాఖలో షిప్పుల పిచ్చి లేని ఇల్లు అరుదు. మా ఎంవీపీ కాలనీలో వీధికొక మర్చంట్ నేవీ అబ్బాయి ఉంటాడు. ఆస్ట్రేలియన్ మారిటైమ్ కాలేజీ ఉన్నది లాన్‌సెస్టన్ అనే ఊళ్లో. ఆ ఊరి నుంచి బాస్ జలసంధి దాకా సుమారు 70 కిలోమీటర్లు టేమార్ నది. నది అంటారు గానీ నిజానికి సముద్రపు పోటు ఊరి దాకా వచ్చి వెళ్లే పొడవాటి పాయ అది. దానికి రెండు పక్కలా ద్రాక్ష తోటలే. మావాడు సెలవు రోజుల్లో ఒక చిన్న తోటలో పనికి కుదిరాడు. మార్చి నెలలో మేమిద్దరం వాణ్ని చూడ్డానికి వెళ్లేసరికి అక్కడ కోతలు సాగుతున్నాయి. ఇక్కడ కూలర్లు దుమ్ము దులుపుకునే టైములో నేను అక్కడ స్వెటర్ మీద శాలువా కప్పుకుని ద్రాక్ష గుత్తులు చూస్తూ తిరిగాను.

ముందు ఆ దీవి ఎక్కడుందో చెప్పాలి. ఆస్ట్రేలియా ప్రధాన భూభాగానికి దక్షిణాన, సుమారు 40 నుంచి 43½ డిగ్రీల దక్షిణ అక్షాంశాల మధ్య ఉంటుంది. వైశాల్యం మన ఆంధ్రప్రదేశ్‌లో సగం కూడా ఉండదు. జనాభా ఆరు లక్షల లోపే. దానికి దక్షిణంగా పోతే ఇక అంటార్కిటికా. ఆ అక్షాంశాల్లో పడమటి గాలులు ఏడాది పొడుగునా హోరుమంటాయి. వాటిని నావికులు 'రోరింగ్ ఫార్టీస్' అంటారు. ఆ గాలులు తెచ్చే వాన దాదాపు అంతా పడమటి కొండలే తాగేస్తాయి. అక్కడ కొన్ని చోట్ల ఏడాదికి 2,400 మిల్లీమీటర్లు దాటుతుంది. కొండలు దాటి తూర్పుకి వచ్చేసరికి మబ్బుల్లో ఏమీ మిగలదు. రాజధాని హోబార్ట్‌లో కురిసేది సుమారు 600 మిల్లీమీటర్లే. విశాఖలో అయితే వెయ్యి దాటుతుంది. అంటే మనకంటే అక్కడే వాన తక్కువ! పచ్చగా, చల్లగా ఉంటే బాగా వాన పడే చోటనుకుంటాం గానీ, ఈ లెక్కే వేరు. ద్రాక్షకి కావలసినదీ అదే, చల్లదనం ఉండాలి, తడి ఉండకూడదు.

చల్లదనం అన్నాను గానీ, ఎంత చల్లదనం? వాళ్లు దానికి లెక్క కడతారు. ద్రాక్ష తీగ 10 డిగ్రీల సెల్సియస్ లోపు పెద్దగా ఎదగదు. అందుకని రోజు సగటు ఉష్ణోగ్రత 10 కంటే ఎన్ని డిగ్రీలు ఎక్కువుందో చూసి, పెరిగే కాలమంతా, అంటే అక్టోబరు నుంచి ఏప్రిల్ దాకా, రోజూ కూడుకుంటూ పోతారు. టేమార్ లోయలో ఏడు నెలల మొత్తం సుమారుగా 1,000 నుంచి 1,200 మధ్య ఉంటుంది. ఈ లెక్క వినగానే నేను మన ఊరికి కట్టాను. విశాఖలో వేసవి సగటు 28, 29 డిగ్రీలు అనుకుంటే రోజుకి 18 పైన జమ. వాళ్లు ఏడు నెలలు కూడబెట్టుకునే వేడి మనకి రెండు నెలల్లో వచ్చి పడుతుంది. మిగతా పది నెలల వేడిని ఏం చేసుకోవాలో తెలియక మనం ఏసీలు పెట్టుకుంటున్నాం.

ఆ తోటల్లో నేను చూసిన ప్రతి ఏర్పాటూ ఈ ఒక్క లెక్క నుంచే పుట్టింది. మన రైతు ఎండ నుంచి పైరుని కాపాడుకుంటాడు. అక్కడి రైతు ఎండని పోగు చేసుకుంటాడు.

తీగల్నే చూడండి. మన దగ్గర ద్రాక్ష అంటే పందిరి. హైదరాబాద్ చుట్టుపక్కల ఒకప్పుడు అనబ్-ఎ-షాహి తోటలు అలాగే ఉండేవి. ఎత్తుగా పందిరి, దాని మీద ఆకుల కప్పు, గుత్తులు కింద నీడలో వేలాడుతుంటాయి. ఎండ సూటిగా తగిలితే కాయ మాడిపోతుంది కాబట్టి ఆ గొడుగు. టాస్మానియాలో పందిరి అన్న మాటే లేదు. కంచె కట్టినట్టు స్తంభాలు, వాటి మధ్య అడ్డంగా తీగెలు, రెమ్మల్ని నిటారుగా నిలబెట్టి వాటి మధ్యకి దూర్చేస్తారు. ఆకుల గోడ పల్చగా ఉంటుంది, ప్రతి ఆకుకీ ఎండ తగలాలి. అదీ చాలదని గుత్తుల చుట్టూ ఉన్న ఆకుల్ని చేత్తో పీకేస్తారు. ముఖ్యంగా పొద్దుటెండ తగిలే వైపు. రాత్రి మంచు తొందరగా ఆరిపోవాలి, గాలి ఆడాలి, లేకపోతే బూజు పడుతుంది. మావాడికి మొదట అప్పజెప్పిన పని ఇదే. ఆకులు తుంపడం. గోళ్ల నిండా పసరు.

ఇంకో సంగతి మా ఆయనకి బాగా నచ్చింది. అక్కడ ఉత్తరం వైపు వాలిన నేలకి గిరాకీ ఎక్కువ. విశాఖలో ఫ్లాట్ కొనేటప్పుడు 'నార్త్ ఫేసింగా, ఈస్ట్ ఫేసింగా' అని అడగని వాళ్లుండరు కదా. "చూశావా, వాస్తు ఇక్కడిదాకా వచ్చేసింది" అన్నారాయన. వాస్తు కాదు, భూగోళం. దక్షిణార్ధగోళంలో మధ్యాహ్నం సూర్యుడు ఉత్తరాన ఉంటాడు. ఉత్తరానికి వాలిన మెరకకి ఎండ నేరుగా తగులుతుంది, దక్షిణపు వాలుకి ఏటవాలుగా తగులుతుంది. వెయ్యి డిగ్రీల బతుక్కి ఆ తేడా చాలా పెద్దది. వేడి తక్కువైనా పగళ్లు పొడుగు. డిసెంబరు చివర్లో హోబార్ట్‌లో పగలు 15 గంటలు దాటుతుంది. విశాఖలో ఎంత పొడుగు పగలైనా 13 గంటల పైన కొన్ని నిమిషాలే. అంటే ఆకులకి వెలుతురుకి లోటు లేదు, చక్కెర తయారవుతూనే ఉంటుంది. కాయ మాత్రం తాపీగా పండుతుంది. చిగురు సెప్టెంబరులో, పూత డిసెంబరు ప్రాంతంలో, కోత మార్చి, ఏప్రిల్‌లో, కొన్ని రకాలకి మే దాకా కూడా.

తాపీగా పండితే ఏమిటి లాభం? దీనికి జవాబు నాకు తోటలో దొరకలేదు, ల్యాబులో దొరికింది.

ల్యాబు అంటే రేకుల షెడ్డులో ఒక మూల. బల్ల మీద బ్యూరెట్, చుక్కలు కొలిచి వదిలే గాజు గొట్టం! రిటైరయ్యాక మళ్లీ బ్యూరెట్ మొహం చూడలేదు నేను. తోట యజమాని అరవై దాటినాయన, గడ్డం, బురద బూట్లు. పరిచయమైన మొదటి నిమిషంలోనే నన్ను పేరు పెట్టి పిలిచాడు. మొదట్లో చివుక్కుమంది గానీ, ఆయన్ని మావాడూ పేరు పెట్టే పిలుస్తున్నాడని చూసి సర్దుకున్నాను. నేను ఏం పాఠం చెప్పేదాన్నో మావాడు చెప్పగానే ఆయన పిపెట్ నా చేతికిచ్చాడు. ఆ పొద్దున్న వేర్వేరు వరసల నుంచి కోసుకొచ్చి పిండిన రసం. పది మిల్లీలీటర్లు తీసుకుని, 0.1 నార్మల్ సోడియం హైడ్రాక్సైడ్‌తో టైట్రేషన్, అంటే క్షారాన్ని చుక్క చుక్కగా పోసి రసంలో ఆమ్లం ఎంతుందో తేల్చడం. మన పిల్లల ప్రాక్టికల్స్‌లో ఫినాఫ్తలీన్ వేసి గులాబీ రంగు కోసం కళ్లు చిట్లించుకుని చూస్తాం. ఇక్కడ పీహెచ్ మీటర్ గుచ్చి 8.2 వచ్చేదాకా పోస్తారు. ఎర్ర వైన్‌లో గులాబీ రంగు ఎక్కడ కనిపిస్తుంది మరి! బ్యూరెట్ 12 మిల్లీలీటర్ల దగ్గర ఆగింది. అంటే లీటరుకి 9 గ్రాముల ఆమ్లం, టార్టారిక్ కింద లెక్క కడితే. చెయ్యి వణక్కుండా చుక్క చుక్కగా వదిలినందుకు ఆయన మెచ్చుకున్నాడు. మెచ్చుకోడా మరి, ఎన్ని బ్యాచుల పిల్లల చేత చేయించాను!

ఆ 9 అన్న అంకె కోసమే ఈ దీవి మీద ఇంత హడావిడి. ద్రాక్షలో ప్రధానంగా రెండు ఆమ్లాలు ఉంటాయి. ఒకటి చింతపండులో ఉండే టార్టారిక్, రెండోది పచ్చి ఆపిల్‌లో ఉండే మాలిక్. టార్టారిక్ మొండిది, తొందరగా తరగదు. మాలిక్ అలా కాదు. కాయ పండేటప్పుడు తన శ్వాసక్రియలో దాన్నే ఖర్చు పెట్టుకుంటుంది. వేడి ఎక్కువైన కొద్దీ ఆ ఖర్చు పెరుగుతుంది. రాత్రిళ్లు కూడా ఉడుకు తగ్గని చోట కాయకి చక్కెర ఎక్కేలోపే పులుపు హరించుకుపోతుంది. ఆస్ట్రేలియా ప్రధాన భూభాగంలో వేడి ప్రాంతాల్లో ఆ లోటు పూడ్చడానికి వైన్ చేసేటప్పుడు టార్టారిక్ ఆమ్లం పొడి కలుపుతారు. అది అక్కడ చట్టం ఒప్పుకున్నదే, మామూలు పని. ఈ దీవిలో రాత్రిళ్లు చల్లగా ఉంటాయి కాబట్టి మాలిక్ చాలా వరకు మిగిలే ఉంటుంది. తియ్యదనం వచ్చాక కూడా పులుపు పోని కాయ దొరుకుతుంది. కలపాల్సిన పనే తక్కువ.

మాలిక్ అంటే గుర్తొచ్చింది. టాస్మానియాని ఒకప్పుడు ఆపిల్ దీవి అనేవాళ్లు. అక్కడి ఆపిళ్లు ఓడలెక్కి ఇంగ్లండు వెళ్లేవి. 1973లో బ్రిటన్ యూరోపియన్ ఎకనామిక్ కమ్యూనిటీలో చేరడంతో ఆ మార్కెట్ దెబ్బతింది. చెట్లు పీకేస్తే డబ్బులిస్తామని ప్రభుత్వమే పథకం పెట్టింది. అలా ఖాళీ అయిన ప్రాంతాల్లో తర్వాత చెర్రీలూ ద్రాక్షా వచ్చాయి. లాన్‌సెస్టన్ నుంచి పడమటి ఒడ్డున వెళ్తుంటే దారిలో పాత ఆపిల్ చెట్లు అక్కడక్కడా ఇంకా కనిపిస్తాయి, ఎవరూ కొయ్యకుండా రాలిపోతూ.

చల్లదనం ఊరికే రాదు. దాని ఖరీదు వసంతంలో తెలుస్తుందట. సెప్టెంబరు, అక్టోబరుల్లో చిగురు వేలెడు ఉన్నప్పుడు, గాలి ఆడని, మబ్బులేని రాత్రి నేల దగ్గర సున్నా కిందికి పడిపోతుంది. ఒక్క రాత్రి చాలు, ఆ ఏడాది కాపు పోయినట్టే. దీనికి రెండు మందులు. ఒకటి, పది మీటర్ల స్తంభం మీద పెద్ద ఫ్యాను. అలాంటి రాత్రిళ్లు చల్లటి గాలి బరువుగా కిందికి దిగుతుంది, వెచ్చటిది పైన ఉంటుంది. ఫ్యాను తిరిగి పై గాలిని కిందికి లాగుతుంది. రెండోది నాకు తెగ నచ్చింది. చిగుళ్ల మీద స్ప్రింక్లర్లతో నీళ్లు చల్లుతారు. చలికి నీళ్లు పోయడమేమిటి అంటారా? నీరు గడ్డ కట్టేటప్పుడు గ్రాముకి 80 క్యాలరీల వేడి వదులుతుంది. గుప్తోష్ణం! చిగురు చుట్టూ మంచు పొర కడుతూనే ఉంటుంది, కడుతున్నంత సేపూ లోపల చిగురు సున్నా దగ్గరే నిలబడుతుంది. మధ్యలో మోటారు ఆగిందా, అంతే సంగతులు. తెల్లారి ఎండొచ్చి మంచు కరిగేదాకా నీళ్లు పడుతూనే ఉండాలి. ఆ రాత్రిళ్లు ఫోన్లో అలారం మోగితే పక్కల మీద నుంచి లేచి పరిగెత్తడమే అని యజమాని చెప్పాడు. గుప్తోష్ణం పాఠం చెప్పేటప్పుడు ఐసు ముక్కా లెమనేడూ తప్ప నాకు వేరే ఉదాహరణ ఉండేది కాదు. ఇప్పుడు దొరికింది గానీ చెప్పడానికి క్లాసు లేదు, అందుకే మీకు చెబుతున్నాను.

నది ఒడ్డున తోటలకి ఈ బాధ కొంచెం తక్కువ. ఉప్పునీటి పాయ పగటి వేడిని దాచుకుని రాత్రి వదులుతుంది. సముద్రం పక్కన పుట్టి పెరిగిన మనకి ఇది చెప్పక్కర్లేదు. టేమార్‌కి తూర్పున పైపర్స్ రివర్ అనే చోటు ఇంకా చల్లన, గాలి ఎక్కువ. అక్కడ మట్టి ఎర్రగా, లోతుగా, పొడిపొడిగా ఉంటుంది. బసాల్ట్ రాయి అరిగి అయిన మట్టి. చూస్తే మన ఎర్ర నేలలే గుర్తొస్తాయి. గాలికి అడ్డుగా తోట చుట్టూ చెట్ల వరసలు పెంచుతారు. పూత మీద ఉన్నప్పుడు చలిగాలీ వానా తగిలితే పిందె సరిగ్గా నిలవదు. ఒకే గుత్తిలో పెద్ద కాయలూ ఆవగింజలంత కాయలూ కలిసి వస్తాయి. అందుకే ఎకరానికి దిగుబడి తక్కువ, ధర ఎక్కువ.

పిట్టల సంగతి చెప్పకపోతే మావాడు ఊరుకోడు. కళ్ల చుట్టూ తెల్లటి ఉంగరంతో చిన్న పిట్టలుంటాయి, సిల్వర్ ఐ అంటారు. కాయకి తీపి ఎక్కిన రోజు వాటికి ఎవరు చెబుతారో గానీ గుంపుగా దిగుతాయి. తినేది చుక్కైనా ప్రతి కాయకీ చిల్లు పెడతాయి, ఆ చిల్లులోంచి బూజు దూరుతుంది. అందుకని వరసలకి వరసలు తెల్లటి వలలు కప్పేస్తారు. దూరం నుంచి చూస్తే కొండవాలు మీద దోమతెర కట్టిన మంచాలు బారులు తీరినట్టుంటుంది. కింద నుంచి వాలబీలు (చిన్న కంగారూలు) రాకుండా కంచె. ఇంతా చేసి వల ఎత్తి లోపల చూస్తే రెండు పిట్టలు హాయిగా తింటూ ఉంటాయి.

ఇక పురుగూ పుట్రా దీవిలోకి రాకుండా వాళ్లు చేసే కట్టడి చూడాలి. ద్రాక్ష వేళ్లని తినేసే ఫిల్లోక్సెరా అనే పురుగు పందొమ్మిదో శతాబ్దంలో యూరప్ తోటల్ని తుడిచిపెట్టింది. టాస్మానియాలో అది లేదు. అందుకే అక్కడ చాలా తోటల్లో తీగలు, ఆ పురుగుని తట్టుకునే వేరే వేళ్లకి అంటు కట్టకుండా, సొంత వేళ్ల మీదే నిలబడ్డాయి. లాన్‌సెస్టన్ ఎయిర్‌పోర్టులో కుక్క వచ్చి మా సంచులు వాసన చూసి పోయింది. పళ్లు తేకూడదు. మేం దారిలో తిందామనుకున్న రెండు కమలాలు అక్కడ పెట్టిన చెత్తపెట్టెలో పడేసి రావలసి వచ్చింది. మా ఆయనకి ఆ కమలాల మీద బెంగ ఇప్పటికీ తీరలేదు.

సరే, ఇంత కష్టపడి పండించింది ఏం చేస్తారు? అక్కడ అన్నిటికంటే ఎక్కువ పండేది పినో న్వార్ అనే ఎర్ర ద్రాక్ష, తర్వాత షార్డొనే అనే తెల్ల ద్రాక్ష. ఈ రెండిట్లో పెద్ద భాగం బుడగల వైన్‌కి పోతుంది. ఫ్రాన్సులో షాంపేన్ అనే ప్రాంతంలో చేసే పద్ధతే, ఆ పేరు మాత్రం వాళ్లు వాడకూడదు. బుడగల వైన్‌కి కాయని ముందే, బాగా పులుపు మీద ఉండగానే కోస్తారు. నేను టైట్రేషన్ చేసింది అలాంటి రసమే. దాన్ని పులియబెట్టి మామూలు వైన్ చేస్తారు, తర్వాత సీసాల్లో పోసి మళ్లీ లీటరుకి సుమారు 24 గ్రాముల చక్కెరా కొంచెం ఈస్టూ వేసి మూత బిగిస్తారు. సీసాలోనే రెండోసారి పులుస్తుంది. కార్బన్ డయాక్సైడ్ బయటికి పోయే దారి లేక వైన్‌లోనే కరిగి ఉండిపోతుంది. లోపల ఒత్తిడి ఆరు అట్మాస్ఫియర్లదాకా పెరుగుతుంది. చచ్చిన ఈస్టు అడుగున చేరుతుంది. దాన్ని వెంటనే తియ్యరు, ఏళ్ల తరబడి అలాగే ఉంచుతారు, వైన్‌కి రొట్టె వాసన దాని నుంచే వస్తుంది. చివర్లో సీసాని తలకిందులుగా వంచి, ఆ మడ్డిని మూతి దగ్గరికి చేర్చి, మూతి వరకు గడ్డ కట్టించి, మూత తీస్తే మడ్డి ముక్క ఫట్‌మని బయటికి దూకుతుంది.

తాగానా అంటే, తాగాను. దాచేదేముంది. ఆయన పోసిన గ్లాసులో అడుగున రెండు గుక్కలు. మొదట నాలుక పక్కల నుంచి నీళ్లూరాయి. తర్వాత పచ్చి ఆపిల్, నిమ్మ తొక్క. మింగాక కూడా ఆ పులుపు కాసేపు నిలబడింది, కానీ పళ్లు జివ్వుమనలేదు. తీపి ఉందా అంటే దాదాపు లేదు. ఎర్ర పినో న్వార్ రంగు పల్చన, చెర్రీ వాసన, నాకు అంతగా ఎక్కలేదు. నా ఓటు రీస్లింగ్ అనే తెల్ల ద్రాక్ష వైన్‌కి. దాన్ని బుడగలు లేకుండా, కొంచెం తీపి మిగిల్చి చేశారు. పులుపూ తీపీ రెండూ ఎక్కువే, ఒకదాన్నొకటి పట్టుకుని నిలబడ్డాయి. మా ఆయన మూడూ రుచి చూసి, అన్నిటికంటే అక్కడి చీజ్ బావుందన్నారు.

ఈ దీవిలో వైన్ చరిత్ర విచిత్రంగా ఉంది. బార్తలోమ్యూ బ్రౌటన్ అనే ఖైదీ శిక్ష నుంచి విముక్తి పొంది 1823లో హోబార్ట్ దగ్గర తోట వేశాడు. 1827కల్లా తన వైన్ అమ్మకానికి పెట్టాడు. ఇక్కడి తీగ ముక్కలే కడలి దాటి విక్టోరియా, సౌత్ ఆస్ట్రేలియాల్లో తొలి తోటల్లో కొన్నిట్లో నాటడానికి వెళ్లాయి. ఆ తర్వాత ఇక్కడ మాత్రం వైన్ పని చతికిలబడింది. మళ్లీ లేపింది బయటివాళ్లే. జలవిద్యుత్ పనుల మీద వచ్చిన ఫ్రెంచివాడు జాన్ మిగే 1956లో లాన్‌సెస్టన్‌కి ఈశాన్యాన లాల్లా అనే ఊళ్లో తీగలు నాటాడు. తన సొంత ప్రాంతం మీద ప్రేమతో తోటకి 'లా ప్రొవాన్స్' అని పేరు పెట్టుకున్నాడు. బట్టల వ్యాపారం చేసే ఇటలీ మనిషి క్లాడియో ఆల్కోర్సో 1958లో హోబార్ట్ దగ్గర డెర్వెంట్ నది ఒడ్డున రీస్లింగ్ వేశాడు. ఆ మూరిల్లా తోటలోనే 2011లో మోనా అనే పెద్ద ఆర్ట్ మ్యూజియం తెరిచారు. ద్రాక్ష మీద పీహెచ్‌డీ చేసిన ఆండ్రూ పైరీ ఫ్రాన్స్ వాతావరణంతో పోల్చి చూసుకుని మరీ 1974లో పైపర్స్ బ్రూక్ తోట మొదలుపెట్టాడు. 1986లో ఫ్రాన్సు షాంపేన్ సంస్థ లూయీ రోడెరేర్ ఇక్కడివాళ్లతో చేతులు కలిపింది. అలా పుట్టిందే జాన్స్ అనే బుడగల వైన్. 1642లో ఈ దీవిని చూసిన డచ్ నావికుడు ఏబెల్ జాన్‌సూన్ టాస్మన్ పేరే ఆ వైన్‌కి పెట్టారు.

ఇప్పుడు ప్రధాన భూభాగం పెద్ద కంపెనీలు వరస కట్టి దక్షిణానికి వస్తున్నాయి. విక్టోరియాకి చెందిన బ్రౌన్ బ్రదర్స్ 2010లో టేమార్ రిడ్జ్ తోటల్ని కొంది. అడిలైడ్ హిల్స్‌కి చెందిన షా అండ్ స్మిత్ 2011లో హోబార్ట్ దగ్గర కోల్ రివర్ లోయలో టోల్‌పడిల్ తోటని కొంది. కారణం ఊహించుకోవచ్చు. ప్రధాన భూభాగంలో ఎండలు ముదిరాయి, కోతలు ముందుకి జరుగుతున్నాయి. చల్లటి నేల ఇప్పుడు ఆస్తి. ఒకప్పుడు ఈ చలిలో ఎర్ర ద్రాక్ష పండదనేవాళ్లు. 2011లో ఆస్ట్రేలియాలో పేరున్న జిమ్మీ వాట్సన్ ట్రోఫీని మొదటిసారి ఒక టాస్మానియా వైన్ గెలిచింది. అదీ వేడి ప్రాంతాల రకమనుకునే షిరాజ్‌తో.

టోల్‌పడిల్ పేరు వినగానే మా ఆయన కుర్చీలో నిటారుగా కూర్చున్నారు. ఆయన స్టీల్ ప్లాంట్ మనిషి, యూనియన్ మనిషి. ఆస్ట్రేలియా అంటే ఆయనకి తెలిసిందల్లా పోర్టులో దిగే కోకింగ్ బొగ్గు. 1834లో ఇంగ్లండులో టోల్‌పడిల్ అనే పల్లెలో ఆరుగురు వ్యవసాయ కూలీలు సంఘం పెట్టుకున్నారని, రహస్య ప్రమాణం చేశారన్న నేరం మోపి ద్వీపాంతరం పంపేశారు. వాళ్లలో నాయకుడు జార్జ్ లవ్‌లెస్‌ని పంపింది ఇక్కడికే. ఆ లోయలోనే రిచ్‌మండ్ దగ్గర ఒక వ్యవసాయ క్షేత్రంలో కొన్నాళ్లు పని చేయించారు. ఇంగ్లండులో జనం గొడవ చేస్తే 1836లో క్షమాభిక్ష ఇచ్చారు. ఆ తోటకి వాళ్ల పేరే పెట్టారు. కార్లో అక్కడికి తీసుకెళ్లమని మావాడి ప్రాణం తీసి, రెండు గంటల పైన ప్రయాణం చేసి, ఆ లోయ చూసి వచ్చాం. టేమార్‌లా పచ్చగా ఉండదు. వాన సరిపోక డ్యామ్ నీళ్లతో పండిస్తారు. ఎండిన గడ్డి కొండల మధ్య అక్కడక్కడా ఆకుపచ్చ చారలు. చూస్తే నాకు టాస్మానియా అనిపించలేదు, అనంతపురం దారి అనిపించింది, చలి తప్ప.

తిరిగొచ్చాక బీచ్ రోడ్‌లో నాతో పాటు నడిచే ఆడవాళ్లందరిదీ ఒకటే ప్రశ్న. "మన అరకులో వెయ్యొచ్చు కదండీ?" అరకు లోయ సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల పైన ఉంది, చలికాలంలో వణికిస్తుంది, లంబసింగిలో అయితే సున్నా దగ్గరికి కూడా వెళ్తుంది. చల్లగా ఉంటే చాలుననుకుంటాం గానీ, ఏ నెలలో చలి అన్నదే అసలు ప్రశ్న. టాస్మానియాలో చలికాలం తీగ నిద్రపోయే కాలం, పండే కాలం పొడిగా, పొడుగు పగళ్లతో ఉంటుంది. అరకులో తీగ ఎదిగే కాలమంతా నైరుతి వాన, మబ్బు, చెమ్మ. బూజు పండగ చేసుకుంటుంది. అక్షాంశం తెచ్చే చల్లదనం వేరు, ఎత్తు తెచ్చే చల్లదనం వేరు. మహారాష్ట్రలో ద్రాక్ష తీగకి మోడువారే శీతాకాలమే ఉండదు కాబట్టి ఏప్రిల్‌లో ఒకసారి, అక్టోబరులో ఒకసారి కత్తిరించి, వానల్ని తప్పించి ఎండాకాలం లోపు కాపు తీస్తారు. అది కష్టపడి నేర్చుకున్న విద్య, దానికీ వాన తక్కువ ఉన్న చోటు కావాలి. ఎత్తు వల్ల వచ్చే చల్లదనాన్ని, తాపీగా పండడాన్ని వాడుకునే పంట అరకులో ఇప్పటికే ఉంది. కాఫీ. 2019లో అరకు వ్యాలీ అరబికాకి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. దాన్ని వదిలి ద్రాక్ష వెనక పడక్కర్లేదని నా అభిప్రాయం.

రెండో ప్రశ్న, ఇక్కడ దొరుకుతుందా అని. విశాఖలో నేను అడిగిన చోట్ల టాస్మానియాది కనిపించలేదు. భారత్, ఆస్ట్రేలియా ఒప్పందం 2022 డిసెంబరు 29 నుంచి అమల్లోకి వచ్చింది. అంతకు ముందు వైన్ మీద దిగుమతి సుంకం 150 శాతం. సీసా దిగుమతి ధర 5 డాలర్లు దాటితే అది వెంటనే 100కి దిగింది, పదేళ్లలో 50 అవుతుంది. 15 డాలర్లు దాటిన వాటికి వెంటనే 75, పదేళ్లలో 25. ఇవి అమెరికా డాలర్లు. టాస్మానియా వైన్లు ఖరీదైనవి కాబట్టి రెండో వరసలోకి వచ్చే అవకాశం ఎక్కువ. దాని మీద రాష్ట్రం పన్నులు ఎలాగూ ఉంటాయి. పిల్లలు ఆస్ట్రేలియాలో ఉన్నవాళ్లు వాళ్లు వచ్చేటప్పుడు తెప్పించుకోవడం నయం. సీసాని రెండు చీరల మధ్య చుట్టమనండి.

మావాడు ఈ జులైలో కత్తిరింపులకి వెళ్తానంటున్నాడు. తీగలు నిద్రలో ఉండే నెల, పొద్దున్నే గడ్డి మీద మంచు గడ్డ కట్టి ఉంటుందట, గ్లౌజులు వేసుకున్నా వేళ్లు కొంకర్లు పోతాయట. డబ్బులు బాగానే ఇస్తారంటాడు. ముందు సెమిస్టర్ మార్కులు పంపమన్నాను, ఇంకా పంపలేదు.